పాడకూడని చరణం

లెఫ్టినెంట్ టితువాన్ బెర్జె మూడేళ్ళుగా గూబపిల్ల. అంటే యుద్ధవిమానాల స్క్వాడ్రన్‌లో అందరికన్నా చివర చేరిన పైలట్ అన్నమాట. వాళ్ళ గుర్తు గుడ్లగూబ. అప్పుడెప్పుడో మొదటి ప్రపంచ యుద్ధంలో గుడ్డ రెక్కల విమానాల మీద వేసిన ఆ గూబే ఇవాళ రఫాల్ తోక మీద కూడా గుడ్లురిమి చూస్తూ ఉంటుంది. కొత్త పైలట్ ఎవరైనా వచ్చేదాకా గూబపిల్లకి ఆ పేరు పోదు, చాకిరీ తప్పదు. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి కాఫీ పెట్టాలి. సాయంత్రం బార్ వెనక నిలబడి గ్లాసులు కడగాలి. గురువారం వస్తే అందరికీ బంగాళాదుంపలు వేయించాలి. గడ్డి కూరిన ముసలి గూబ ఒకటుంది, దాని పేరు ఉర్సుల్ అత్త. ఎక్కడ విందు జరిగినా దాన్ని చంకనెత్తుకుని మోసుకెళ్ళాలి. శబ్దం కన్నా వేగంగా ఎగిరొచ్చిన మనిషి, విమానం దిగీ దిగగానే ఏప్రాన్ కట్టుకుని ఉల్లిపాయలు తరుగుతుంటే చూసేవాళ్ళకి నవ్వొస్తుంది. తరిగేవాడికి రాదు.

మామూలుగా అయితే ఏడాది తిరిగేసరికి ఇంకొకరు దిగుతారు. వీడి ఖర్మకొద్దీ వచ్చినవాళ్ళంతా వేరే స్క్వాడ్రన్లకి పోయారు. టితువాన్ గొణిగాడు, సణిగాడు, చివరికి కమాండెంట్ దెల్మాస్ గదికి వెళ్ళి బతిమాలాడు. ఒకసారి కాదు, ఎన్నిసార్లో లెక్కలేదు. "ఎవరినో ఒకరిని తెప్పించండి కమాండెంట్‌గారూ, మీకు పుణ్యముంటుంది. మా అమ్మ ఊళ్ళో అందరికీ మావాడు యుద్ధవిమానం నడుపుతాడని చెప్పుకుంటోంది. నేను పెనం తోముతున్నానని తెలిస్తే గుండె ఆగి పోతుంది."

అడిగి మరీ తెచ్చుకున్నాడు. అందుకే ఈ కథలో అతని మీద నాకంత జాలి లేదు.

జూన్‌లో ఒక సోమవారం పొద్దున, అందరూ కాఫీలు పట్టుకుని నిలబడి ఉండగా దెల్మాస్ బార్‌లోకి వచ్చాడు. "టితువాన్, నీ పోరు పడలేక పైవాళ్ళతో గట్టిగా మాట్లాడాను. సెప్టెంబరులో రావాల్సిన పిల్ల రేపే వచ్చేస్తోంది. లెఫ్టినెంట్ అపోలిన్ వెర్నే."

ఇంకేముంది, గోల. టితువాన్ కుర్చీ ఎక్కి, ఏప్రాన్ విప్పి గాల్లో తిప్పాడు. కిలియన్ అని ఒక పైలట్ ఉన్నాడు, నోరు ఊరుకోదు. "అయ్యో, మా గూబపిల్లకి రెక్కలొచ్చాయర్రా! ఇక రేపట్నుంచి తాగదగిన కాఫీ దొరుకుతుంది!" అని అరిచాడు.

అందరూ నవ్వుతుంటే కిటికీ దగ్గర నిలబడ్డ రెజిస్ మీసం తుడుచుకుని, "అయితే వచ్చే శుక్రవారం నా పక్కన ఎగిరేది ఆ అమ్మాయన్నమాట," అన్నాడు. మామూలుగానే అన్నాడు.

టితువాన్ కుర్చీ మీద అలాగే ఉండిపోయాడు. చేతిలో ఏప్రాన్ ఉంది, ముఖంలో నెత్తురు లేదు.

వాళ్ళ పద్ధతి అది. స్క్వాడ్రన్ వదిలి వెళ్ళిపోయే పైలట్ ఆఖరిసారి ఎగిరేటప్పుడు అతని కుడి రెక్క పక్కన గూబపిల్ల ఎగరాలి. వెళ్ళేవాడు తల తిప్పితే వచ్చినవాడు కనిపించాలని పెద్దవాళ్ళు పెట్టారు. ఎంత స్నేహితులైనా, ఎంత హోదా ఉన్నా ఆ చోటు ఇంకొకరికి ఇవ్వరు. మూడేళ్ళు ఏప్రాన్ కట్టుకున్నందుకు టితువాన్‌కి దక్కాల్సిన మంచి ముక్క ఏదైనా ఉంటే అదొక్కటే. రెజిస్ వెళ్ళిపోతున్నాడని తెలిసిన రోజు నుంచీ ఆ చోటు తనదేననుకుని ఉన్నాడు. సంబరంలో పడి ఆ సంగతే మర్చిపోయాడు, వెర్రివాడు.

రెజిస్ ఒబెర్తిన్ అతనికి జ్ఞానతండ్రి. కొత్తగా వచ్చిన ప్రతి పైలట్‌నీ ఒక పాతవాడు తన చేతి కిందికి తీసుకుంటాడు, ఆ పాతవాడికి వాళ్ళు పెట్టుకున్న పేరది. ఆ మొదటి చలికాలం టితువాన్‌కి గాల్లో ఇంధనం ఎక్కించుకోవడం చేతకాలేదు. ట్యాంకర్ విమానం వెనక గొట్టం చివర గిన్నెలాంటిది వేలాడుతుంది, దాంట్లోకి మన విమానం ముక్కు దగ్గరున్న సన్న గొట్టాన్ని దూర్చాలి. ఎన్నిసార్లు పోయినా తప్పేది. ఇక నావల్ల కాదు, రవాణా విమానాలకి పోతానని సూట్‌కేసు కూడా సర్దుకున్నాడు. రెజిస్ ఆ సూట్‌కేసు మీద కూర్చుని, "ఒరేయ్, నువ్వు గిన్నెనే చూస్తున్నావు. చూస్తే అది పారిపోతుంది. ట్యాంకర్‌ని చూడు. గిన్నె దానంతటదే వస్తుంది," అన్నాడు. మర్నాడు వచ్చింది. అప్పట్నుంచి రెజిస్ నవ్వితే టితువాన్‌కి ఆ రోజు బాగున్నట్టు, రెజిస్ మాట్లాడకపోతే తిన్నది అరగనట్టు. సొంత తండ్రి ముందు కూడా అంతలా ఒదిగిపోలేదు.

మంగళవారం అపోలిన్ దిగింది. పొట్టి మనిషి, ముఖం నిండా మచ్చలు, గట్టిగా నవ్వుతుంది. ఓవెర్న్య కొండల్లో వాళ్ళ నాన్న జున్ను, అదే చీజ్, చేసి అమ్ముతాడట. ఊరికే చేతులూపుకుంటూ రాకుండా, బండిచక్రమంత జున్నుబిళ్ళ ఒకటి మోసుకొచ్చి బార్ మీద పెట్టింది.

"ఇది పద్నాలుగు నెలలు గుహలో మాగింది. మా నాన్న దీంతో మాట్లాడతాడు. మాతో మాట్లాడడు," అంది.

రెజిస్ పగలబడి నవ్వాడు. మూడేళ్ళలో టితువాన్ అతన్ని అలా నవ్వించింది ఎన్నిసార్లో వేళ్ళ మీద చెప్పొచ్చు. ఈ పిల్ల వచ్చిన గంటలోనే నవ్వించింది. రెజిస్ జేబులోంచి మడత కత్తి తీసి, ఒక ముక్క కోసుకుని, కళ్ళు మూసుకుని తిన్నాడు. "చిట్టీ, నిన్ను ఇంతకాలం ఎక్కడ దాచారే?" అన్నాడు.

చిట్టీ! టితువాన్‌కి జున్ను ఇష్టమే, కానీ తనకిచ్చిన ముక్క నోట్లో పెట్టుకుని బయటికెళ్ళి చెత్తబుట్టలో ఉమ్మేశాడు.

ఆ రోజు నుంచి అతని కళ్ళు ఆ ఇద్దరి మీదే. రెజిస్ ఆ పిల్లని రెండు సీట్ల విమానంలో ఎక్కించుకుని తిప్పాడు. రెజిస్ ఆ పిల్లకి తన పాత చేతితొడుగులు ఇచ్చాడు, "నావి అరిగిపోయాయి గానీ నీ చిన్న చేతులకి ఇవే మెత్తగా ఉంటాయి" అని. మధ్యాహ్నం భోజనాల దగ్గర రెజిస్ పక్క కుర్చీ ఎప్పుడూ టితువాన్‌ది. బుధవారం చూస్తే అందులో అపోలిన్ కూర్చుని, చేతులు రెండూ రెక్కల్లా పెట్టి ఏదో మలుపు గురించి అడుగుతోంది. టితువాన్ పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చోవేం? అక్కడ ఖాళీ ఉందిగా," అన్నాడు రెజిస్ బల్ల చివరికి చూపించి.

కిలియన్ అన్నీ చూస్తూనే ఉన్నాడు. గ్లాసులు కడిగే చోట వెనకగా వచ్చి చెవిలో ఊదాడు. "ఏరా, చెల్లెలు పుట్టిందని అలిగావా? పాలపీక తెచ్చిపెట్టనా?"

"నోరు మూసుకో."

"మూడేళ్ళు మా చెవుల్లో జోరీగలా రొద పెట్టావు కదరా, కొత్తవాళ్ళు రావాలి, రావాలి అని. వచ్చింది. పండగ చేసుకో."

ఏం చేసుకుంటాడు? కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాడు. ఒళ్ళంతా కుళ్ళుతో మండిపోతోంది. ఆ పిల్ల ఏం తప్పు చేసిందని అడిగితే చెప్పడానికి ఒక్క ముక్క లేదు. అదే ఇంకా మంట. చెడ్డదైతే బాగుండేది. బద్ధకస్తురాలో, గర్విష్ఠో, విమానం సరిగ్గా నడపలేనిదో అయితే హాయిగా అసహ్యించుకునేవాడు.

అయితే ఒకటుంది. వచ్చినంత మాత్రాన గూబపిల్ల అయిపోరు. దిగిన మరుసటి వారం, గురువారం సాయంత్రం అందరి ముందూ బార్ బల్ల ఎక్కి, ఉర్సుల్ అత్తని పట్టుకుని స్క్వాడ్రన్ పాట మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా పాడాలి. అప్పుడు పాత గూబపిల్ల తన ఏప్రాన్ విప్పి కొత్తవాళ్ళ నడుముకి కడతాడు. తప్పితే మళ్ళీ వచ్చే గురువారమే. ఆ పాట ఎక్కడా కాగితం మీద ఉండదు. పాత గూబపిల్ల నోటి నుంచి కొత్త గూబపిల్ల చెవికి వెళ్ళాలి, అంతే. మిగతావాళ్ళు ఒక్క ముక్క అందించడానికి వీల్లేదు.

పాటలో ఒక కిటుకుంది. మొదటి మూడు చరణాలూ రాసిన కుర్ర పైలట్, నాలుగోది మధ్యాహ్నం రాస్తానని చెప్పి పొద్దున వెర్డన్ యుద్ధరంగం వైపు ఎగిరాడు. తిరిగి రాలేదు. మిగిలిన పాట తోటివాళ్ళు పూర్తిచేశారు గానీ నాలుగో చరణం మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. వందేళ్ళు దాటిపోయింది, ఆ చోటు అలాగే ఉంది. మూడో చరణం అయ్యాక పాడేవాళ్ళు గూబని తల మీదికెత్తి, ఒక చరణం పాడేంతసేపు నోరు మెదపకుండా నిలబడాలి. గదిలో అందరూ తలలు వంచుకుంటారు. ఆ తర్వాతే ఐదోది. కొత్తవాళ్ళకి పాట కన్నా ముందు ఆ మౌనం నేర్పుతారు. టితువాన్‌కి పాట నేర్పిన పాత గూబపిల్లకి జ్వరమొస్తే, రెజిసే కమాండెంట్ అనుమతి అడిగి దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు. "రాగం పోతే నవ్వుతాం. మాట పోతే తిడతాం. ఆ మౌనం పోతే మాత్రం, ఒరేయ్, ఆ రాసిన కుర్రాడిని మళ్ళీ చంపినట్టే," అన్నాడు.

అపోలిన్‌కి పాట నేర్పడం వంటగదిలో, బంగాళాదుంపల తొక్కులు తీస్తూ మొదలైంది. టితువాన్ మూతి ముడుచుకునే మొదటి చరణం చెప్పాడు. ఆ పిల్ల ఒక్కసారి విని అప్పజెప్పేసింది. రెండోది చెప్పాడు. అదీ అంతే. గొంతు కూడా బాగుంది, ముదనష్టపు గొంతు. టితువాన్‌కి ఆ పాట నోటికి రావడానికి నెల పట్టింది. చివరి చరణం దాకా వచ్చేసరికి గిన్నెలో సగం దుంపలే అయ్యాయి.

"పాట భలే ఉంది. మూడోదీ దాని తర్వాతదీ కలవనట్టుంది కదూ? మధ్యలో ఏదో తెగినట్టు," అంది అపోలిన్.

"పాతకాలపు పాట. అలాగే ఉంటుంది."

"అంతేనా? ఇంకేమైనా ఉందా నేను తెలుసుకోవాల్సింది?"

కత్తి ఆగింది. నిజం చెప్పాలంటే ఆ క్షణం దాకా టితువాన్ అలా చెయ్యాలని అనుకోలేదు. అంతవరకైతే మర్చిపోయాననీ సర్ది చెప్పుకోవచ్చు. కానీ ఆ పిల్ల అడిగేసింది. అడిగేసరికి, కిటికీలోంచి చూస్తే రన్‌వే మీద ఎండలో ఒక రఫాల్, దాని కుడి పక్కన ఖాళీ స్థలం కనిపించాయి.

"అంతే," అన్నాడు.

"థాంక్స్. నువ్వు మంచివాడివి. కిలియన్ నిన్ను గురించి ఏవేవో చెప్పాడు గానీ," అని నవ్వి, ఇంకో దుంప అందుకుంది.

ఆ వారమంతా టితువాన్ తనతో తానే వాదించుకున్నాడు. అబద్ధం చెప్పలేదు కదా. ఒక మాట చెప్పలేదు, అంతే. ఒక్క వారం ఆలస్యమైతే ఆ పిల్లకి పోయేదేముంది? వచ్చే గురువారం పాడుతుంది, ఏప్రాన్ కట్టుకుంటుంది, ముందు ముందు ఎంతమంది వెళ్ళిపోతారో, అందరి పక్కనా ఎగురుతుంది. రెజిస్ ఒక్కడే కదా నాకు. ఆ ఒక్కడినీ నాకు వదిలేస్తే ఏం? ఇలా అనుకుంటూ నిద్రపోయేవాడు, లేచి మళ్ళీ అదే అనుకునేవాడు. చెప్పేద్దామని రెండుసార్లు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళాడు కూడా. మొదటిసారి ఫోన్లో వాళ్ళ నాన్నతో జున్ను గురించి పోట్లాడుతోంది. రెండోసారి వెళ్ళేసరికి రెజిస్ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. టితువాన్ వెనక్కి తిరిగి వచ్చేశాడు.

గురువారం వచ్చింది. బార్ కిటకిటలాడుతోంది. మెకానిక్కులు, వాళ్ళ భార్యలు, రెజిస్ భార్య, ఇద్దరు కూతుళ్ళు కూడా వచ్చారు. మిరబెల్ పళ్ళ సారా సీసాలు బల్లల మీద ఉన్నాయి. అపోలిన్ బూట్లు విప్పి బార్ బల్ల ఎక్కింది. ఉర్సుల్ అత్తని గుండెకి హత్తుకుంది. టితువాన్ ఆ పక్కనే ఏప్రాన్‌తో నిలబడ్డాడు.

మొదటి చరణానికే గది ఊగిపోయింది. అంత బాగా పాడింది. రెండోదానికి మెకానిక్కులు బల్లలు వాయించారు. మూడోది మెల్లగా సాగుతుంది, ఆ పిల్ల కళ్ళు మూసుకుని పాడింది. అది అయిపోగానే అలవాటు ప్రకారం అందరూ గ్లాసులు కింద పెట్టి తలలు వంచారు.

అపోలిన్ ఊపిరి పీల్చుకుని, గొంతెత్తి, ఆ మౌనం మధ్యలోకి ఐదో చరణం అందుకుంది.

ఒక్క పాదం పాడిందో లేదో. తలలన్నీ లేచాయి. ఎవరూ అరవలేదు, ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ పిల్ల అందరి ముఖాలూ చూసి, గొంతు తగ్గించి, ఆగిపోయింది. ఏం చేసిందో ఆ పిల్లకి తెలియదు. ఏదో ఘోరం చేశానని మాత్రం తెలిసింది. చెవుల దాకా ఎర్రబడి, మెల్లగా తల తిప్పి టితువాన్ వైపు చూసింది. అప్పుడు అర్థమైంది ఆ పిల్లకి.

దెల్మాస్ ముందుకొచ్చి ఆమె చేతుల్లోంచి గూబని తీసుకున్నాడు. "వచ్చే గురువారం మళ్ళీ పాడుదువుగాని. దిగమ్మా," అన్నాడు.

ఆమె దిగాక రెజిస్ దగ్గరికొచ్చాడు. టితువాన్ వినేంత దూరంలోనే ఉన్నాడు. "చిట్టీ, మూడో చరణం తర్వాత ఏం చెయ్యాలో నీకు ఎవరూ చెప్పలేదా?"

ఆ పిల్ల ఒక్క మాట అంటే చాలు. టితువాన్ పని అయిపోయినట్టే.

"చెప్పే ఉంటారు రెజిస్. నేనే మర్చిపోయి ఉంటాను," అంది అపోలిన్. అని బూట్లు చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది.

చూశారా, ఆ మాటకి టితువాన్ సిగ్గుపడి ఉండాల్సింది. పడ్డాడు, కాదనను. కానీ సిగ్గు కన్నా ముందు కుళ్ళు వచ్చింది. ఆ పెద్దమనసు కూడా ఆ పిల్లకే ఉండాలా? రెజిస్ ముందు అది కూడా ఆ పిల్లదే అయిపోయిందే! రెజిస్ చాలాసేపు ఆ తలుపు వంకే చూశాడు. తర్వాత టితువాన్ వంక చూశాడు. కుర్చీ లాక్కుని కూతుళ్ళ మధ్య కూర్చున్నాడు.

"ఇంకేం, రేపు నువ్వే," అన్నాడు కిలియన్, ఎప్పటి ఎగతాళి లేకుండా. టితువాన్ వేయించిన దుంపలు ఆ సాయంత్రం చాలా మిగిలిపోయాయి.

శుక్రవారం ఆకాశం కడిగినట్టుంది. ఇద్దరూ విమానాల వైపు పక్కపక్కనే నడిచారు, హెల్మెట్లు చేత్తో పట్టుకుని. ఇన్నాళ్ళూ టితువాన్ ఈ నడకనే ఊహించుకున్నాడు. ఊహలో రెజిస్ ఏదో ఒక జోకు వేసేవాడు.

సగం దూరం వెళ్ళాక రెజిస్ ఆగాడు. "నాకు చెప్పాల్సింది ఏమైనా ఉందా?"

ఎండ కళ్ళలో పడుతోంది. మెకానిక్కులు నిచ్చెనలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఇప్పుడు చెబితే ఏమవుతుందో టితువాన్‌కి తెలుసు. రెజిస్ ఒంటరిగానైనా ఎగురుతాడు గానీ తనని పక్కన పెట్టుకోడు. ఇంకో గంట ఆగితే చాలు. గంటయ్యాక అన్నీ చెప్పేస్తాను, కాళ్ళ మీద పడతాను, ఏమైనా చేస్తాను. ఈ ఒక్క గంట.

"ఏం లేదు," అన్నాడు.

"సరే," అని రెజిస్ తన నిచ్చెన వైపు నడిచాడు.

అలా ఎగిరారు. బార్లీ పొలాలు, చెరువులు, వరసగా మిరబెల్ తోటలు కింద జారిపోతున్నాయి. టితువాన్ కుడి రెక్క పక్కన అంటిపెట్టుకుని, ఒక్క మూర కూడా అటూ ఇటూ జరగకుండా ఎగిరాడు. జీవితంలో అంత బాగా ఎప్పుడూ ఎగరలేదు. ఎడమకి చూస్తే గాజు వెనక రెజిస్ హెల్మెట్. ఎప్పుడు తల తిప్పుతాడా అని కళ్ళు కాయలు కాసేలా చూశాడు. వెళ్ళేవాడు తల తిప్పి వచ్చినవాడిని చూడాలి కదా, అందుకే కదా ఈ చోటు. మొజెల్ నది వంపు దగ్గరికి వచ్చినప్పుడల్లా రెజిస్ రేడియోలో "ఇంటికి పోదాం పదరా" అనేవాడు. నిబంధనలకి విరుద్ధం, అయినా అనేవాడు. నది వంపు వచ్చింది. "నంబర్ టూ, ఎడమకి తిరుగుతున్నాం," అన్నాడు రెజిస్. అంతే. హెల్మెట్ ముందుకే చూస్తోంది. పద్ధతి ప్రకారం చెయ్యాల్సినవన్నీ చేశాడు, చెప్పాల్సినవన్నీ చెప్పాడు. రన్‌వే మీద తక్కువ ఎత్తులో ఒకసారి దూసుకెళ్ళి, తిరిగొచ్చి, దిగారు.

వీడ్కోలుగా అగ్నిమాపక బళ్ళు రెండు పక్కలా నీళ్ళు చిమ్మాయి. రెజిస్ నిచ్చెన దిగగానే కిలియన్ బకెట్టు నీళ్ళు నెత్తిన గుమ్మరించాడు. షాంపేన్ పొంగింది. కూతుళ్ళు మెడకి వేలాడారు. రెజిస్ తడిసి ముద్దయి, నవ్వుతూ, ఏడుస్తూ ఒక్కొక్కరినీ కౌగిలించుకున్నాడు. "ఒరేయ్ కోతీ, నీ నోరు జాగ్రత్త," అని కిలియన్‌ని. "నా ప్రాణాలు ఇన్నేళ్ళు కాపాడావే ముసలమ్మా," అని మెకానిక్కుల పెద్దావిడని. అపోలిన్ వెనకెక్కడో నిలబడి ఉంటే చెయ్యి పట్టి ముందుకి లాగి, రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టాడు. "వచ్చే గురువారం వినడానికి వస్తాను. ఆ జున్ను కొంచెం నాకు దాచిపెట్టు," అన్నాడు.

టితువాన్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి చాపాడు. టితువాన్ రెండు చేతులూ చాచి ఉన్నాడు, ఒకటి దించుకుని కరచాలనం చేశాడు. తడిచెయ్యి, గట్టిగానే నొక్కింది, వదిలేసింది. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే, అనుకున్నాడు. నోరు తెరిచేలోపు రెజిస్ పక్క మనిషి వైపు తిరిగాడు. పరవాలేదు, జనం ఎక్కువున్నారు కదా అని టితువాన్ సర్ది చెప్పుకున్నాడు. లోపలికెళ్ళాక ఒంటరిగా దొరుకుతాడు.

లోపల బార్‌లో అందరూ తడిబట్టలతో వణుకుతూ చేరారు. కిలియన్ పాత అలవాటున కేక పెట్టాడు. "గూబపిల్లా! కాఫీ ఏదీ? చచ్చిపోతున్నాం ఇక్కడ!"

టితువాన్ అనుకోకుండా అపోలిన్ వైపు చూశాడు. ఆ పిల్ల గోడకి ఆనుకుని నిలబడి ఉంది, కదల్లేదు. "నిన్నే పిలుస్తున్నారు. నేనింకా కాలేదుగా," అంది.

నిజమే కదా. తను కోరుకున్నదే. మేకుకి ఉన్న ఏప్రాన్ తీసి, తడిసిన పైలట్ బట్టల మీదే కట్టుకున్నాడు. కాఫీ పెట్టాడు. ట్రే పట్టుకుని అందరి దగ్గరికీ వెళ్ళి, రెజిస్‌ని చివరికి ఉంచుకున్నాడు, కాసేపు పక్కన నిలబడి మాట్లాడొచ్చని. మూడేళ్ళుగా ఆ కప్పు తనే కలుపుతున్నాడు. ఎంత వేడి ఉండాలో, ఎంత తీపి ఉండాలో అడగనక్కర్లేదు. రెజిస్ కిటికీ దగ్గర దెల్మాస్‌తో మాట్లాడుతున్నాడు. టితువాన్ కప్పు అందించి, "రెజిస్, నేను నీకో మాట..." అన్నాడు.

రెజిస్ కప్పు అందుకుని, దాంట్లోకి చూశాడు. తర్వాత తలెత్తి, మర్యాదగా, రైల్వే స్టేషన్ కాఫీ కొట్టులో మనిషిని అడిగినట్టు అడిగాడు.

"ఇందులో చక్కెర వేశారా, లెఫ్టినెంట్?"

ఆ గదిలో కమాండెంట్‌ని తప్ప ఎవరూ ఎవరినీ అలా పిలవరు. కొత్తగా వచ్చిన పిల్ల కూడా మొదటి రోజు నుంచీ అందరినీ నువ్వనే అంటోంది. దెల్మాస్ చూపు కిటికీ బయటికి తిప్పుకున్నాడు. కిలియన్ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. రెజిస్ మాత్రం తొందరేమీ లేకుండా, కప్పు పట్టుకుని, జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.

"వేశానండి," అన్నాడు టితువాన్.